హోదాకు తగినన్ని అంకెలు

జలగణన సంస్థలో పాత కంప్యూటరుకి ఉద్యోగ విరమణ సన్మానం ఘనంగానే జరిగింది. శాలువా కప్పారు. దండ వెయ్యబోతే దానికి మెడ ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టలేదు గనక కీబోర్డు మీద పెట్టారు. డైరెక్టర్ విరూపాక్షరావుగారు దాని సేవల్ని కొనియాడుతూ కళ్ళొత్తుకున్నారు కూడా. ఒక్కనాడు సెలవు పెట్టలేదనీ, బదిలీ అడగలేదనీ, పై అధికారికి ఎదురు చెప్పలేదనీ అన్నారు.

ఆఖరి వరసలో కూర్చున్న హైమవతికి మాత్రం నిజంగానే గుండె బరువెక్కింది. నదిలో వరదొస్తే ఏ ఊళ్ళో ఎంతెత్తు నీళ్ళు నిలుస్తాయో లెక్కగట్టడం ఆవిడ ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆ పాత కంప్యూటరుతోనే సావాసం. దానిది ఎద్దుబండి నడకే. ఒక్క లెక్కకి పగలల్లా తినేది. కాని ప్రతి సంఖ్యనీ పద్నాలుగు అంకెల దాకా పట్టుకుని ఒక్కటి జారనిచ్చేది కాదు. ఆలస్యంగా చెప్పినా అబద్ధం చెప్పేది కాదు. అలాంటి వాళ్ళు ఆ సంస్థలో ఎక్కువమంది లేరు.

దాని స్థానంలో గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి. కొనుగోలు సంఘం ముందు రెండు రకాలు పెట్టారట. ఒకటి శాస్త్రజ్ఞుల కోసమే తయారుచేసింది, బూడిద రంగులో మూగెద్దులా పడి ఉంది. రెండోది కుర్రాళ్ళు కంప్యూటర్లో కార్లు గుద్దుకునే ఆటలాడుకోడానికి చేసింది. దాంట్లో ఎర్రవీ నీలివీ దీపాలు గిరగిరా తిరుగుతాయి. "కార్యాలయ పరికరం పనిచేయుచున్నట్లు సందర్శకులకు కనిపించవలెను" అని సంఘం ఏకగ్రీవంగా రెండోదాన్ని ఎంచుకుంది.

ప్రారంభోత్సవంలో కొబ్బరికాయ కొట్టారు. ఒక కార్డు ఆ నీళ్ళు తాగి అక్కడికక్కడే కన్నుమూసింది. మిగతావి వెలిగాయి. ఆ వెలుగు చూసిన ఉత్సాహంలో విరూపాక్షరావుగారు మైకు దగ్గరకి లాక్కుని, "నేటినుంచి మన లెక్కలు వెయ్యి రెట్ల వేగంతో నడుస్తాయి!" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి, పేపర్లలో పడింది. ఇంక ఆ వెయ్యిని కిందికి దించడం ఎవరి తరమూ కాదు.

వారం తిరక్కుండా హైమవతి ఆయన గదికి వెళ్ళింది.

"సార్, ఈ కార్డులు ఏడంకెల వరకు మెరుపులాగే ఉన్నాయి. వెయ్యి రెట్లు నిజమే. పద్నాలుగంకెలు అడిగితే మాత్రం కాళ్ళీడుస్తున్నాయి. మూడు నాలుగు రెట్లు మించి రావట్లేదు."

"అంటే అంకెలు తగ్గిస్తే వేగం పెరుగుతుందంటారు."

"పెరుగుతుంది సార్. జవాబు తప్పుతుంది."

"రెండు విషయాలూ కలపకండి హైమవతిగారూ. మొదటిది సాంకేతిక వాస్తవం. రెండోది మీ అభిప్రాయం."

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నది లెక్క ఒక్కసారి చేసేది కాదు, ఒకదాని మీద ఒకటి లక్షల మెట్లెక్కేది. సోలతో బియ్యం కొలిచేటప్పుడు ప్రతి సోలకీ నాలుగు గింజలు రాల్తే ఎవరూ పట్టించుకోరు, బస్తాలకి బస్తాలు కొలిచేసరికి నేలమీదే ఒక కుప్ప తేలుతుంది. ఇక్కడ రాలే అంకెలూ అంతే. దానికి విరుగుడు ఉంది. ప్రతి సంఖ్యనీ రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క ఒకచోటా, మిగిలిన నలుసు ఇంకోచోటా దాచుకోవాలి. రెండూ ఏడేసి అంకెలవే గనక కార్డు హుషారుగానే లాగుతుంది. నలుసులు పోగుపడినప్పుడల్లా పెద్ద ముక్కలో కలపాలి. జవాబు పాతదానంత నిక్కచ్చిగా వస్తుంది.

"వేగం?"

"యాభై రెట్లు వస్తుంది సార్. పగలంతా పట్టే లెక్క పావుగంటలో అయిపోతుంది."

"నేను వేదిక మీద యాభై అన్నానా?"

అనలేదు. హైమవతి లేచి వచ్చేసింది.

మర్నాడు అత్యవసర సమావేశం. ఇకమీదట సంస్థలో ఎవరూ ఏడంకెలు దాటరాదని డైరెక్టరుగారు ప్రతిపాదించగానే జాయింట్ డైరెక్టర్ దండపాణిగారు కుర్చీలో నిటారయ్యారు. ఈయనకీ డైరెక్టరుగారికీ సీనియారిటీ తగాదా. ఏళ్ళ తరబడి ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. దండపాణిగారు గోడమీది గడియారానికేసి చూస్తూ అన్నారు:

"నిన్నగాక మొన్న చేరిన వాడికీ ఏడే, నాకూ ఏడేనా? ఇందులో సర్వీసుకి విలువెక్కడుంది?"

గదిలో అందరికీ అది న్యాయంగానే తోచింది. హైమవతికి తప్ప. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది: "సంస్థ యందలి గణన కార్యకలాపములలో వేగమును పెంపొందించు నిమిత్తం, అంకెల వినియోగమును హోదాననుసరించి క్రమబద్ధీకరించడమైనది. డైరెక్టరు వారికి ఏడు. జాయింట్ డైరెక్టరు వారికి ఆరు. సీనియర్ శాస్త్రవేత్తలకు అయిదు. శాస్త్రవేత్తలకు మూడు, వీరి సంతకము చెల్లదు. ఒప్పంద సిబ్బందికి ఒక అంకె. సదరు అంకె తొమ్మిదికి మించరాదు."

దండపాణిగారు కోర్టుకెక్కుతాననేసరికి ఆయనకీ ఏడు చేశారు. హైమవతికి మూడు దక్కాయి.

ఆ తర్వాత సంస్థ స్వరూపమే మారిపోయింది. గుమ్మాల మీద పేర్ల పక్కన అంకెలు వెలిశాయి. పదోన్నతి వచ్చినవాళ్ళు మైసూర్‌పాకు పంచుతూ "మీ దయవల్ల అయిదుకొచ్చానండీ" అనడం మొదలెట్టారు. ఒకాయన కూతురి పెళ్ళి శుభలేఖ మీద కాబోయే వియ్యంకుడు ఏడంకెల అధికారికి తమ్ముడని వేయించుకున్నాడు. ఒప్పంద సిబ్బందికి పది రాసే హక్కు లేదు గనక పదిన్నరకొచ్చినా హాజరుపట్టీలో తొమ్మిదనే రాశారు. ఆ నెల సంస్థలో ఒక్కరూ ఆలస్యంగా రాలేదని డైరెక్టరుగారు పైకి నివేదిక పంపారు.

ఇంతలో ఒక సీనియరు తన అయిదంకెల్ని కిందివాడికి చాటుగా వాడుకోనిచ్చాడని గుప్పుమంది. అంకెల దుర్వినియోగం! విచారణ, వివరణ, హెచ్చరిక. దాంతో ప్రతి కంప్యూటరు పక్కనా వేలిముద్ర పెట్టె పెట్టారు. నది లెక్క మైలు మైలుకీ ఆగుతుంది, "అంకెల హక్కుదారు స్వయముగా హాజరులో ఉన్నారా?" అని అడుగుతుంది. ఆ అంకెలెవరివో వాళ్ళు వచ్చి బొటనవేలు నొక్కితేగాని ముందుకు కదలదు.

హైమవతి పళ్ళ బిగువున ఊరుకుంది. పద్నాలుగంకెలు కావాలని అర్జీ పెట్టుకుంటే "స్థాయికి మించిన కోరిక" అని తిరిగొచ్చింది. ఎండాకాలం గనక సరిపోయింది. నదిలో కాకులు నడిచి వెళుతున్నాయి.

శ్రావణంలో ఎగువన వానలు పడ్డాయి. పడ్డాయంటే మామూలుగా కాదు, మూడు రోజులు ఆకాశం మూత పడలేదు. నాలుగో రోజు పొద్దున హైమవతి కుర్చీలో కూర్చోగానే ఫోను మోగింది. మొగలిలంక సర్పంచి సత్తిరాజు. మొగలిలంక నది మధ్య ఉన్న ఊరు. చుట్టూ నీళ్ళు, రాకపోకలకి పడవలే. ప్రతి వరదకీ ఆయన నేరుగా ఈవిడకే ఫోను చేస్తాడు.

"అమ్మగారూ, నేనండి. రేవు మెట్లు మునిగిపోయినయ్యండి. ఇప్పుడేం చేద్దామంటారు? మెరక మీద బడి ఉంది కదండీ, అక్కడికెక్కి కూచోమంటారా? గట్టుకి దాటించెయ్యమంటారా?"

"ఎంతమందున్నారు?"

"పిల్లామేకా అంతా ఉన్నామండి. పురిటికొచ్చిన ఆడపిల్ల ఒకత్తి ఉందండి. చీకటి పడితే పడవలు నిలవ్వండి, సుడులు అలా ఉన్నయ్యి. ఆ లోపే ఏదోటి చెప్పాలి మీరు. పోయినేడు వేరే ఎవరో దాటమంటే దాటామండి. మెరక్కి నీళ్ళే రాలేదు. దాటడంలో మా బావమరిది పోయాడు. అందుకే ఊరంతా మీరు చెప్పందే కదలమంటన్నారు."

"మధ్యాహ్నంలోగా చెబుతాను సత్తిరాజుగారూ. పడవలు మాత్రం సిద్ధంగా పెట్టుకోండి."

చెప్పి ఫోను పెట్టేసింది. మెరక మునగకపోతే దాటించడం ప్రమాదం. మునిగితే దాటించకపోవడం ఘోరం. ఉన్నది ఒకే ఒక్క లెక్క.

తన మూడంకెలతో వేసింది. కార్డులు ఎర్రగా నీలంగా మెరిసి కనురెప్ప వాల్చేలోగా జవాబిచ్చాయి. మొగలిలంక దగ్గర నీటిమట్టం నది అడుగుకన్నా రెండు నిలువుల కిందకుంది. అంటే నది భూమిలోపల పారుతోంది. మళ్ళీ వేసింది. ఈసారి నీళ్ళు కొబ్బరిచెట్ల తలలు దాటాయి. ఒక సీనియర్‌ని బతిమాలి అయిదంకెలతో వేయించింది. నది వెనక్కి తిరిగి కొండెక్కింది.

ఆ మూడు జవాబులూ పట్టుకుని డైరెక్టరు గదిలోకి తోసుకుని వెళ్ళింది. ఆయన మూడింటినీ తృప్తిగా చూశారు.

"వేగం అద్భుతం. మూడింటికీ కలిపి ఒక్క క్షణం!"

"సార్, ఏది పంపమంటారు?"

"సగటు తియ్యండి."

అదే సమయానికి జిల్లా కలెక్టరు ఫోను వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. మాట మాత్రం కత్తి. స్పీకర్లో పెట్టడం వల్ల హైమవతికీ వినబడింది.

"డైరెక్టరుగారూ, మొగలిలంక ఖాళీ చేయించాలా వద్దా? నాకు ఒక్క అంకె చాలు. మెరక మీద ఎంత నీరు? మీ సంతకంతో పంపండి. అటూ ఇటూ అయితే మీ పేరే రాస్తాను."

ఫోను పెట్టేశాక విరూపాక్షరావుగారి మొహంలో రంగులు ఆ కార్డుల్లోకన్నా వేగంగా మారాయి.

"సంతకం మీరు పెట్టండి హైమవతిగారూ. లెక్క వేసింది మీరు కదా."

"మూడంకెల వాళ్ళ సంతకం చెల్లదు సార్. మీ ఉత్తర్వులోనే ఉంది." ఆవిడకి ఒళ్ళు మండుతోంది, అయినా గొంతు పెంచలేదు. "సరైన జవాబుకి పద్నాలుగంకెలు కావాలి. మీకు ఏడున్నాయి. దండపాణిగారికి ఏడున్నాయి. పెద్ద ముక్క మీది, నలుసు వారిది. ఇద్దరూ వచ్చి కూర్చోండి."

"మేమా? మిషను ముందా?"

"అంకెలు బదిలీ చెయ్యరాదన్నది కూడా మీ ఉత్తర్వే సార్."

దండపాణిగారికి కబురెళ్ళింది. ఆయన వచ్చి సంగతి విని మూతి ముడిచారు. "నలుసులు నాకా? ఏరి పారేసేవి ఏరుకోడానికి నన్ను పిలిచారా?"

"సార్, పెద్ద అంకెలు ఎవరైనా పట్టుకుంటారు," అంది హైమవతి. "చిన్నవి జారకుండా పట్టుకోడానికే పనితనం కావాలి."

దండపాణిగారి ఛాతీ విప్పారింది. వెంటనే విరూపాక్షరావుగారు, "అలాగయితే నలుసులు నేనే చూస్తాను. సంస్థాధిపతిని నేను" అన్నారు. "నాకిచ్చింది నేనివ్వను, గడియారం సాక్షి" అన్నారు దండపాణిగారు. అక్కడ లంకలో నీళ్ళు ఇంకో మెట్టెక్కాయని సత్తిరాజు మళ్ళీ ఫోను చేశాడు. హైమవతి ఇంక మర్యాద చూడలేదు. ఇద్దరినీ చెరో కుర్చీలో కూలేసి, చెరో పెట్టె ముందుకు తోసి, "నొక్కండి" అంది.

లెక్క కదిలింది. పావుగంటలో అయిపోవలసింది, మైలు మైలుకీ ఆగి హక్కుదారు ఉన్నాడా అని అడుగుతోంది. డైరెక్టరుగారు నొక్కాలి. జాయింట్ డైరెక్టరుగారు నొక్కాలి. నలుసులు నిండినప్పుడల్లా ఈయన తీసుకోమనాలి, ఆయన తీసుకున్నాననాలి.

"వారికి చెప్పండి," అనేవారు దండపాణిగారు హైమవతితో, "నా దగ్గర నిండాయి, పుచ్చుకోమనండి."

"పుచ్చుకోవడమైనదని వారికి తెలియజేయండి," అనేవారు విరూపాక్షరావుగారు.

మొదటి జిల్లా దాటేసరికి ఈ రాయబారం ఆవిడకి విసుగొచ్చి నోరు మూసుకుంది. కాసేపు లెక్క ఆగిపోయింది. ఇద్దరూ గోడలు చూశారు. చివరికి దండపాణిగారు గొంతు సవరించుకుని, "నిండాయండీ" అన్నారు. "ఆఁ, ఇటివ్వండి" అన్నారు విరూపాక్షరావుగారు. అన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి సంభాషణ అది.

మధ్యాహ్నం దాటింది. భోజనాలు లేవు. ఎవరో మిరపకాయ బజ్జీలు తెచ్చిపెట్టారు. డైరెక్టరుగారు ఒకటి తిన్నారు. ఆ నూనె వేలికి పెట్టె ఒప్పుకోలేదు: "హక్కుదారు గుర్తింపబడలేదు." ఆయన చొక్కాకి తుడుచుకుని నొక్కారు. గుర్తింపబడలేదు. మళ్ళీ నొక్కారు. లేదు. ఆ క్షణాన తన సంస్థలో తనెవరో తేలక ఆయన బిక్కచచ్చిపోయారు. దండపాణిగారు జేబురుమాలు తీసి, నీళ్ళతో తడిపి, ఆయన బొటనవేలు పట్టుకుని పసిపిల్లాడికి తుడిచినట్టు తుడిచారు. లెక్క కదిలింది.

సగం నది దాటాక ఇద్దరి వేళ్ళూ కందిపోయాయి. "ఇంకెన్ని మైళ్ళున్నాయండీ ఈ వెధవ నదికి?" అన్నారు విరూపాక్షరావుగారు. పుట్టి బుద్ధెరిగాక నది పొడవు గురించి ఆయన అడగడం అదే మొదలు.

ఎండ వాలుతుండగా జవాబు తేలింది. మెరక మీద ఛాతీ లోతు నీళ్ళు. అర్ధరాత్రికల్లా. హైమవతి రెండోసారి సరిచూడలేదు, చూడక్కర్లేదని ఆవిడకి తెలుసు. కలెక్టరుకి చెప్పమని డైరెక్టరుగారి చేతికి కాగితం ఇచ్చి, తను సత్తిరాజుకి చేసింది.

"దాటించెయ్యండి. ఇప్పుడే. ముందు ఆ పురిటి పిల్లని."

"చిత్తమండి," అన్నాడాయన. ఎందుకని అడగలేదు. అటునుంచి పడవలవాళ్ళ కేకలు వినబడ్డాయి, ఫోను కట్టయింది.

ఆఖరి పడవ గట్టుకు తగిలేసరికి మునిచీకటి. తెల్లారి చూస్తే బడి కిటికీల పైభాగం మాత్రమే కనబడుతోంది. మనుషులంతా గట్టుమీద ఉన్నారు. పురిటి పిల్ల రాత్రే కనేసిందనీ, ఆడపిల్లనీ సత్తిరాజు చెబితే హైమవతి ఫోను పట్టుకుని తన గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో ఆవిడకి తెలుసు. ఆ ఇద్దరు మహానుభావులూ బజ్జీ దగ్గరే ఇంకో గంట ఆగుంటే ఏమయ్యేదో లెక్క వెయ్యడానికి ఏ అంకెలూ అక్కర్లేదు.

సోమవారం సమీక్షా సమావేశం పెట్టారు. విరూపాక్షరావుగారి బొటనవేలికి కట్టు. దండపాణిగారి బొటనవేలికీ కట్టు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రూలు తప్పని ఇప్పటికైనా తెలిసొచ్చి ఉంటుందని హైమవతి ఆశపడింది. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత కూడా ఆశపడగలగడం ఆవిడ జబ్బు.

డైరెక్టరుగారు లేచి కొత్త ఉత్తర్వు చదివారు: "ఇటీవలి అనుభవముల దృష్ట్యా, అంకెలు మోయుట తీవ్రమైన శారీరక శ్రమతో కూడిన పని అని నిర్ధారించడమైనది. అట్టి పనిని ఉన్నతాధికారులచే చేయించుట వారి హోదాకు భంగకరము. కావున ఇకమీదట హోదా పెరుగు కొలది అంకెలు తగ్గింపబడును. శాస్త్రవేత్తలు, ఒప్పంద సిబ్బంది పద్నాలుగేసి అంకెలు మోయవలెను. సీనియర్లకు మూడు. జాయింట్ డైరెక్టరు వారికి ఒకటి."

"నాకు?" అన్నట్టు ఆగి, చుట్టూ చూసి, ఆయన చిరునవ్వు నవ్వారు. "నాకు ఒక్కటి కూడా లేదు."

హాలంతా చప్పట్లు. దండపాణిగారు ఆ ఒక్కటీ తనకెందుకని నిలదీశారు. దాని మీద చర్చ సాయంత్రం దాకా సాగింది.

గుమ్మాల మీద పలకలు మారాయి. నిన్నటిదాకా అయిదని మురిసిన వాళ్ళు ఆ అంకె మీద కాగితం అంటించుకున్నారు. మైసూర్‌పాకు పంచినవాడు "నాకు రెండు తగ్గాయండీ" అని మళ్ళీ పంచాడు. హైమవతి బల్ల దగ్గరకి ఒక్కొక్కరే వచ్చి పరామర్శించి వెళ్ళారు. "పద్నాలుగా! అయ్యో, ఈ వయసులో మీకెంత కష్టం తెచ్చారండీ" అని ఒకావిడ చెయ్యి పట్టుకుంది. హైమవతి తల వంచుకుని, చెంగు నోటికడ్డం పెట్టుకుని, "ఏం చేస్తాం, నా రాత" అంది. వాళ్ళు వెళ్ళాక తలుపేసి, నలుసులూ పెద్ద ముక్కలూ అన్నీ తన దగ్గరే పెట్టుకుని లెక్క ఆడించింది. పావుగంటలో అయిపోయింది.

భాద్రపదంలో మళ్ళీ నది పొంగింది. సత్తిరాజు ఫోను చేసేలోపే ఆవిడే చేసి, మెరక్కి జానెడు కిందే ఆగుతుంది, ఎవర్నీ కదలొద్దని చెప్పింది. ఫోను పెట్టగానే డైరెక్టరుగారి గదినుంచి పిలుపొచ్చింది. కలెక్టరు అడుగుతోందట.

"ఎంత రావచ్చు హైమవతిగారూ?" అన్నారు విరూపాక్షరావుగారు.

ఆవిడ నోరు తెరిచి, ఆగింది. ఆయనకి అంకె చెప్పడం ఉత్తర్వు ప్రకారం నేరం. కలెక్టరుకి కావలసిన కాగితం గదిలోకి వచ్చేముందే తను పంపేసింది కూడా.

"నీళ్ళొస్తాయి సార్," అంది.

విరూపాక్షరావుగారు తృప్తిగా వెనక్కి వాలారు. "భేష్. ఇంత త్వరగా మీరెప్పుడూ చెప్పలేదు."